శనివారం ఆఖరి పీరియడ్

మోయడం అలవాటైన బరువు బరువులా తెలియదు. నడకలో కలిసిపోతుంది. ఎవరైనా నన్ను మంచిదానివి అన్నప్పుడు మాత్రం అది ఉన్నచోటే కదులుతుంది. మా కోడలు అంటూ ఉంటుంది, "అత్తయ్యా, మీకు ఏది చెప్పినా మీ దగ్గరే ఉండిపోతుంది" అని. నేను నవ్వుతాను. ఆ నవ్వు అయిపోయాక ఆ పూటంతా నాకు ఏ పనీ చేతకాదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పబోయి చాలాసార్లు వెనక్కి వచ్చాను. పెళ్లయిన కొత్తలో మావారికి చెప్పబోయాను. చిన్నప్పటి సంగతులు ఇప్పుడెందుకులే అని ఆయన కొట్టిపారేస్తారేమోనని భయపడ్డాను. అలా కొట్టిపారేస్తే నాకు హాయిగా ఉంటుందేమోనని అంతకన్నా ఎక్కువ భయపడ్డాను. చెప్పలేదు.

మా నాన్న రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. శ్రీకాకుళం వైపు నుంచి, బస్తర్ కొండల్లోకి పోయే కిరండుల్ లైనుకు బదిలీ అయి వచ్చాడు. ఆ లైను చివర గనుల టౌన్‌షిప్పులు ఉన్నాయి. మేం ఉన్నది ఏ టౌన్‌షిప్పో చెప్పను. చెబితే అక్కడివాళ్లు మనుషులను గుర్తుపడతారు. కొండ మీద ఇనుప రాయి తవ్వేవారు. కింద రైలుపెట్టెల్లోకి నింపేవారు. గూడ్సుబండ్లు పగలూ రాత్రీ సముద్రం వైపు పోతూ ఉండేవి. ఎర్రటి దుమ్ము మా కిటికీల మీద, ఆరేసిన బట్టల మీద, తలదిండ్ల మీద పడేది. వానాకాలంలో ఆ దుమ్ము అణిగి మబ్బు దిగేది. కొండ మీది మబ్బు మెల్లగా కిందికి జారి మా బడి వరండాలోకి వచ్చేది. తలుపు తీసి ఉంటే క్లాసులోకీ వచ్చేది. ముందు బెంచీ వాళ్ల తలలు కనిపించి, నల్లబల్ల కనిపించకుండా పోయేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ బడి అంతా అలాగే కనిపిస్తుంది. ముఖాలు సగం, గొంతులు పూర్తిగా.

మేం పదో తరగతిలోకి వచ్చిన ఏడాది ఇంగ్లీషు చెప్పడానికి ప్రమీల టీచర్ వచ్చింది. రాజమండ్రి వైపు మనిషి. ఆమె అసలు పేరు ఇది కాదు. ముప్పై ఏళ్లు దాటి ఉంటాయి. గొంతు చాలా చిన్నది. వినాలంటే మేం నోరు మూసుకోక తప్పేది కాదు. అంతకుముందున్న మాస్టారికి బెత్తం ఉండేది, గైడు ఉండేది. ప్రశ్నకు జవాబు గైడులో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాలి. తడబడితే అరచెయ్యి చాపాలి. ఇంగ్లీషంటే మాకు తెలిసింది అంతే.

మొదటి రోజు టీచర్ పుస్తకం తెరవలేదు. ఈ ఏడాది మీ నుంచి నేను ఏం కోరుతానో చెబుతాను, నా నుంచి మీరు ఏం కోరవచ్చో కూడా చెబుతాను అంది. టీచర్ల నుంచి మేం ఏమైనా కోరవచ్చన్న సంగతి మాకు అప్పటిదాకా తెలియదు. క్లాసులో బెంగాలీలు, ఒరియావాళ్లు, మలయాళీలు, హిందీవాళ్లు, మాలాంటి తెలుగువాళ్లు, చుట్టుపక్కల పల్లెల పిల్లలు కొద్దిమంది. అందుకని ఆమె ప్రతి మాటా ముందు ఇంగ్లీషులో మెల్లగా చెప్పి, తర్వాత హిందీలో చెప్పింది. గైడు క్లాసులోకి రాకూడదు. ఆలస్యంగా వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర నిలబడి బతిమాలక్కర్లేదు, వచ్చి కూర్చోవాలి, కారణం తర్వాత చెప్పుకోవచ్చు. పక్కవాళ్ల జవాబు చూసి రాస్తే కొట్టదు, కానీ ఎవరిది చూశామో వాళ్ల పేరు కింద రాయాలి. ఇది విని మగపిల్లలు నవ్వారు. తర్వాత నిజంగానే రాశారు, కొన్నాళ్లకు ఆ పేర్లు వాటంతటవే తగ్గిపోయాయి. మాట్లాడుతుండగా ఇంగ్లీషు మాట దొరక్కపోతే ఆగిపోకూడదు. ఇంట్లో ఏమంటారో ఆ మాట పెట్టి వాక్యం ముగించాలి, తర్వాత అందరూ కలిసి దానికి ఇంగ్లీషు వెతుకుతారు. తప్పుకు ఎవరూ నవ్వకూడదు. కొండ మీద బ్లాస్టింగ్ సైరన్ మోగితే ఎవరు మాట్లాడుతున్నా ఆగాలి, అద్దాల చప్పుడు తగ్గాక ఆగినచోట మొదలుపెట్టాలి.

ఆఖరిది శనివారం గురించి. శనివారం ఆఖరి పీరియడ్‌లో ఒక్కొక్కరు లేచి తమకు నిజంగా జరిగినదేదైనా ఇంగ్లీషులో చెప్పాలి. చిన్నదైనా సరే. అక్కడ విన్నది ఎవరూ గుమ్మం దాటించకూడదు. ఇంట్లో చెప్పకూడదు, గ్రౌండులో చెప్పకూడదు. ఒప్పుకున్నవాళ్లు చెయ్యి ఎత్తమంది. అందరం ఎత్తాం. నా చెయ్యి అందరికన్నా ముందు లేచింది. అది నాకు బాగా గుర్తు.

అప్పుడు నా పక్కన కూర్చునే ముత్తి లేచి, మీరు కూడా చెప్తారా అని హిందీలో అడిగింది. టీచర్ కొంచెంసేపు ఆలోచించి, నేను కూడా, కానీ అందరికన్నా ఆఖర్న అంది.

ముత్తి గురించి చెప్పాలి. ఈ పేరు కూడా నేను మార్చిందే. వాళ్లు భేజ్జి వైపు అడవి ఊళ్లలో ఉండే దోర్ల తెగవాళ్లు. మేనమామ మా ఊరి ఆస్పత్రిలో అటెండరు. చదువుకోవాలని ఆయన దగ్గర ఉండేది. ఆయన భార్య ఒక ఆఫీసరు గారింట్లో అంట్లు తోమేది, సాయంత్రాలు ముత్తి కూడా సాయంగా వెళ్లేది. వాళ్ల దోర్లీ మాట మా తెలుగుకు దగ్గర. అందుకే మేమిద్దరం ఒక బెంచీలో కూర్చున్నాం. ఆమె మాట్లాడేది నాకు కలలో విన్న తెలుగులా ఉండేది. అర్థం ముందే తెలిసేది, మాటలు తర్వాత తెలిసేవి. పాత మాస్టారి క్లాసులో ముత్తి ఏడాదంతా నోరు తెరవలేదు. అడిగితే లేచి నిలబడేది, చెయ్యి చాపేది, కూర్చునేది.

ప్రమీల టీచర్ శనివారాల్లో ముత్తి మాట్లాడింది. చిన్నప్పుడు తల్లి వీపు మీద నిద్రపోయి సంతకు వెళ్లేదట. నిద్రపోయినప్పుడు అడవి ఉండేది, లేచినప్పుడు జనం ఉండేవారు. నడిచింది అమ్మ అని తెలియక, తాను నిద్రపోతే లోకం తన కిందనుంచి జరుగుతుందని అనుకునేదట. అది చెప్పడానికి ఆమె మూడు భాషలు వాడింది. అందరం కలిసి మాటలు వెతికాం. ఆ పీరియడ్ అయ్యాక ఎవరూ తొందరగా లేవలేదు.

నాకు చెప్పుకోవడానికి ఏమీ లేదనిపించేది. నా వంతు వచ్చినప్పుడు అరకు దగ్గర సొరంగాల గురించి చెప్పాను. రైలు చీకట్లోకి వెళ్తుంది, వెలుగులోకి వస్తుంది, మళ్లీ చీకట్లోకి వెళ్తుంది. అంతే. టీచర్ బాగుంది అంది. బాగాలేదని నాకు తెలుసు. నా జీవితంలో కథే లేదని ఆ రోజు ఇంటికి వెళ్లి అన్నం తినలేదు. ఇది ఎందుకు చెబుతున్నాను? చేసినదానికి కారణం వెతుక్కుంటున్నానా? కావచ్చు. ఇన్నేళ్లలో చాలా కారణాలు వెతికాను. ఏదీ చాల్లేదు.

వానలు బాగా ముదిరిన రోజుల్లో అందరి వంతులూ అయిపోయాయి. ఆ శనివారం టీచర్ పాఠం తీయబోతుంటే, టీచర్, మీ వంతు మిగిలింది అని గుర్తుచేసింది నేనే.

ఆ పీరియడ్‌ని నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో, తలుచుకుని తలుచుకుని దాన్ని ఎంత మార్చేశానో తెలియదు. మబ్బు లోపలికి వచ్చింది, అది నిజం. టీచర్ నల్లబల్ల దగ్గర నుంచి వచ్చి మొదటి బెంచీ అంచు మీద కూర్చుంది, అదీ నిజమే. మాకు తెలిసిన చిన్న చిన్న మాటలతోనే చెప్పింది. ప్రతి వాక్యం మా కోసం తేలిక చేసి, విప్పి, ముందు పెట్టింది. నా భర్త ఓడలో పనిచేస్తాడని మీ అందరికీ చెప్పాను. అది నిజం కాదు. ఆయన కాకినాడలో ఉన్నాడు. నేను ఆయన్ని వదిలి వచ్చాను. నాకొక పాప ఉంది. ఆరేళ్లు. అత్తవారి దగ్గరే ఉండిపోయింది. నేను వచ్చేసిన రోజు గుమ్మంలో నా కొంగు పట్టుకుని... అక్కడ ఆమెకు ఇంగ్లీషు మాట దొరకలేదు. తన నియమం ప్రకారం ఆగకుండా 'మారాం చేసింది' అని తెలుగులోనే ముగించింది.

అప్పుడు మేం ఆ మాటకు ఇంగ్లీషు వెతికాం. నిజంగా వెతికాం. ఒక బెంగాలీ అబ్బాయి డిక్షనరీ తీసి ఏదో చెప్పాడు. టీచర్ తల అడ్డంగా ఊపింది. ఆ మాటలో కోపం ఉంది, దీన్లో కోపం లేదు అంది. ముత్తి వాళ్ల మాట ఒకటి చెప్పింది. టీచర్ ఆ మాటను రెండుసార్లు పలికి చూసింది. ఆ రోజు మాకు ఇంగ్లీషు మాట దొరకలేదు. సైరన్ మోగింది. అద్దాలు కదిలాయి. అందరం ఆగాం. చప్పుడు తగ్గాక, దసరా సెలవులకు పాపను పంపడానికి వాళ్లు ఒప్పుకున్నారు, జగదల్‌పూర్ తీసుకెళ్లి అక్కడి పండుగ రథం చూపిస్తాను అని చెప్పి ముగించింది. ఆమె ముఖం అంత తేటగా ఎప్పుడూ చూడలేదు.

ఆ సాయంత్రమే గుమ్మం దాటించాను.

మా క్వార్టర్ల వెనక మెట్ల మీద సాయంత్రాలు ఆడవాళ్లు కూర్చునేవారు. బియ్యం ఏరేవారు, స్వెట్టర్లు అల్లేవారు. గుమాస్తాల భార్యలు, ఫోర్‌మన్ల భార్యలు పై మెట్ల మీద. మా అమ్మ అందరికన్నా కింద మెట్టు మీద. ఆమె మాట్లాడితే ఎవరూ తల తిప్పేవారు కాదు. నేను దగ్గరికి వెళ్తే, ఎల్లి సదువుకో గుంటా అని పంపేసేది. ఆ రోజు వెళ్లమన్నా వెళ్లలేదు. మా ప్రమీల టీచర్ మొగుడు ఓడ మీద లేడు అన్నాను.

స్వెట్టరు అల్లుతున్న చేతులు ఆగాయి. ఆ నిశ్శబ్దం ఎంత తియ్యగా ఉందో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. పై మెట్టు ఆవిడ జరిగి నాకు చోటిచ్చింది. మా అమ్మ నావైపు చూసింది. ఆ చూపులో గర్వం ఉంది. "అలగా? నీకెవలు సెప్పారే?" అంది మెల్లగా. టీచరే చెప్పింది అన్నాను. అంతా చెప్పాను. మారాం చేసిన సంగతి కూడా చెప్పాను. మొదటిసారి నా దగ్గర ఒక కథ ఉంది. అది నాది కాదు. ఎవరిదో దాని కింద పేరు రాయనక్కర్లేదు కూడా.

తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. ఊరు చిన్నది, క్వార్టర్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మాట ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు ఎక్కింది. వదిలి వచ్చింది అన్నది లేచిపోయి వచ్చింది అయింది. ఎవరితో అన్నది ఇంటింటికీ మారింది. టీచర్ దగ్గరికి సాయంత్రం చదువుకోవడానికి వెళ్లే ఆడపిల్లలు ఒక్కొక్కరే మానేశారు. ముత్తి అత్త పనిచేసే ఇంటి ఆవిడ, ఇలాంటి మనిషి ఆడపిల్లలకు పాఠాలు చెప్పడమేమిటని నలుగురిలో అన్నదట. బడిలో టీచర్ ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. ఆమెను పిలిచి ఏవో అడిగారు. పక్క టౌన్‌షిప్పులో కాకినాడ వాళ్ల కుటుంబం ఒకటి ఉండేది. వాళ్ల ద్వారా ఈ మాటలన్నీ, కొత్తగా చేరినవి కూడా, టీచర్ అత్తవారింటికి చేరాయి. దసరా వచ్చింది. వెళ్లింది. పాప రాలేదు.

సెలవుల తర్వాత టీచర్ శనివారం పీరియడ్ ఆపేసింది. ఎందుకో చెప్పలేదు. ఆ గంటలో వ్యాకరణం చెప్పింది.

ఒకరోజు బడి వదిలాక నన్ను ఆగమంది. మా బడి వెనక ఒక వాగు ఉండేది. గని నీళ్లు కలిసి ఎర్రగా, చిక్కగా, చప్పుడు లేకుండా పారేది. ఆ గట్టు మీద నడిచాం. నేను ఆ నీళ్లనే చూస్తూ నడిచాను. ఇప్పుడు అడుగుతుంది, నేనే టీచర్ అని ఏడుస్తాను, ఆమె కొడుతుంది, అయిపోతుంది అనుకున్నాను. కొట్టదని తెలుసు. అయినా అలా అనుకున్నాను.

"నిన్నొక్కదాన్నే అడుగుతున్నాను," అంది. "నీ మీద నాకు నమ్మకం ఉంది కనక. ఎవరు చెప్పారో నీకు తెలుసా?"

నేను గట్టు మీది గడ్డిపోచ ఒకటి తెంపాను.

"ముత్తేనా?"

ఆమె ముత్తి పేరు ఎందుకు ఎత్తిందో నాకు అర్థమైంది. ఆ ఇంటి ఆవిడ పేరు అప్పటికే ఊరంతా తిరుగుతోంది. ముత్తి ఆ ఇంటికి వెళ్తుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు. నేను కాదనాలి. కాదు అన్నది రెండక్షరాల మాట. కానీ కాదంటే, మరి ఎవరు అని అడుగుతుంది కదా?

"ఏమో టీచర్," అన్నాను. "తను రోజూ సాయంత్రం వాళ్లింటికి వెళ్తుంది."

అదే నేను చెప్పింది. చూశారా, ఇందులో అబద్ధం లేదు. ముత్తి నిజంగానే వెళ్లేది. కొన్నేళ్లపాటు ఈ వాక్యాన్ని పట్టుకుని నేను నన్ను కాపాడుకున్నాను. నేను ముత్తి పేరు చెప్పలేదు, టీచరే చెప్పింది. నేను ఔనని అనలేదు. ఏమో అన్నాను. ఏమో అంటే తెలియదనే కదా? పదిహేనేళ్ల పిల్ల అంత ఆలోచించి మాట్లాడుతుందా? మాట్లాడింది. అదే నన్ను భయపెడుతుంది. మెట్ల మీద చెప్పినప్పుడు నేను ఆలోచించలేదు, నోరు జారింది, చిన్నదాన్ని అనుకోవచ్చు. వాగు గట్టు మీద నేను ఆలోచించాను. తప్పు పట్టడానికి వీల్లేని మాటను ఏరి, తీసి, ఆమె చేతిలో పెట్టాను. ఆమె నేర్పిన భాష కాదు అది. అయినా ఆమె క్లాసులోనే నేర్చుకున్నానేమో, మాటను ఎక్కడ ఆపాలో.

టీచర్ తల ఊపింది. ముత్తిని ఏమీ అనకు, చిన్నపిల్ల అంది. నా భుజం మీద చెయ్యి వేసింది.

ఆమె ముత్తిని ఒక్క మాటా అనలేదు. పిలవడం మానేసింది అంతే. ప్రశ్న అడిగినప్పుడు ఆమె చూపు మా బెంచీ దాకా వచ్చి, నా దగ్గర ఆగి, వెనక్కి వెళ్లిపోయేది. క్లాసుకు అది అర్థమైంది. పిల్లలకు అలాంటివి తొందరగా అర్థమవుతాయి. ముత్తి పక్కనుంచి నడిచేటప్పుడు తలుపు మూసినట్టు చేతులతో సైగ చేసేవారు. ముత్తి కొన్నాళ్లు చూసి నా దగ్గరికి వచ్చింది. ఆమెకు నేను తప్ప ఎవరున్నారు?

"టీచరు నేను జెప్పిన అనుకుంటుంది. నేను జెప్పలే," అంది. "నీ మాట ఇంటది గదా. ముత్తి కాదని నువ్వు జెప్పు."

చెప్తా అన్నాను. ఆ రోజు చెప్పలేదు, తర్వాత రోజు చెప్పలేదు. చెప్పావా అని ఆమె మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. అంటే ఆ పని కూడా ఆమే చేయాలన్నమాట.

చలికాలం మొదట్లో టీచర్ వెళ్లిపోయింది. పంపేశారో, తనే మానుకుందో మాకు ఎవరూ చెప్పలేదు. ఉదయం పాసింజర్‌కు వెళ్తోందని నాన్న ద్వారా తెలిసి స్టేషన్‌కు పరుగెత్తాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే ముందు ఆమె పెట్టె కనిపించింది, తర్వాత ఆమె కనిపించింది. ఇంకెవరూ లేరు. ఆమె నన్ను చూసి సంతోషించింది. అది ఇప్పటికీ భరించలేను. ఒక్కదానివే వచ్చావా అంది. బాగా చదువుకో అంది. నీ ఇంగ్లీషు మంచిదే, ఆర్టికల్స్ వదిలేస్తుంటావు, రాసింది మళ్లీ ఒకసారి చదువుకుంటే చాలు అంది. పక్క లైనులో ఖనిజం గూడ్సు పోతోంది. పెట్టె తర్వాత పెట్టె, ఎంతసేపటికీ అయిపోలేదు. అది వెళ్లిపోయాక చెబుతాను అనుకున్నాను. అది వెళ్లిపోయేసరికి ఆమె రైలు కూత వేసింది.

కొత్తగా వచ్చిన మాస్టారు గైడు తెరిపించారు. ముత్తి మళ్లీ లేచి నిలబడడం, చెయ్యి చాపడం, కూర్చోవడం మొదలుపెట్టింది. నా పక్కనే కూర్చునేది. పరీక్షల ముందు ఒకరోజు రాలేదు. ఊరికి పోయిందని వాళ్ల మామ చెప్పాడు. ఇంగ్లీషు పేపరు రోజు నా పక్క చోటు ఖాళీగా ఉంది. నాకు మంచి మార్కులు వచ్చాయి. మా అమ్మ మెట్ల మీద అందరికీ లడ్డూలు పంచింది. అప్పటికి ఆమె ఒక మెట్టు పైకి జరిగింది.

ఇక్కడితో ఆగితే ఇది చిన్నప్పటి కథ. ఇక్కడితో ఆగలేదు.

చాలా ఏళ్ల తర్వాత మా తమ్ముడికి సుక్మాలో ఉద్యోగం. మరదలి కాన్పుకు సాయం చేయడానికి వెళ్లాను. అక్కడి సర్కారు ఆస్పత్రి వరండాలో మధ్యాహ్నం పూట, బయట ఎండలో మోటారుసైకిళ్ల దుమ్ము బంగారపు పొడిలా తేలుతుంటే, సగం నిద్రలో కూర్చుని ఉన్నాను. ఎవరో నా పేరు పిలిచారు. పెళ్లయ్యాక ఎవరూ పిలవని పేరు. ముత్తి. జుట్టు నెరిసింది. వాళ్ల ఊళ్లో మితానిన్‌గా పనిచేస్తోందట. అంటే ఇళ్లకు తిరిగి మందులిచ్చి, నొప్పులు పడే ఆడవాళ్లను ఆస్పత్రికి చేర్చే పని. ఎవరినో కాన్పుకు తీసుకొచ్చింది. నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. పిల్లల గురించి అడిగింది, తన పిల్లల గురించి చెప్పింది. ఆమె తెలుగు అలాగే ఉంది. వింటుంటే నేను మళ్లీ ఆ మబ్బులోకి వెళ్లిపోయాను.

పదోది ఎందుకు రాయలేదని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. మాట రాకపాయె అంది. ఇంగ్లీషు మాట ఒక్కటే కాదట. ఎవరి ముందైనా లేచి నిలబడితే గొంతు పట్టేసేదట. చాన్నాళ్లకు తగ్గిందట. ఆ మాటలు చెబుతూ కూడా ఆమె నవ్వుతూనే ఉంది.

తర్వాత టీచర్ గుర్తొచ్చింది ఆమెకు. మంచి మనిషి అంది. "నేను కాదని నువ్వు జెప్పినవ్ గదా. ఆమే నమ్మలే. ఏం జేస్తం," అంది. "నువ్వైతే జెప్పినవ్."

నా చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. నేను "ఊఁ" అన్నాను.

పదిహేనేళ్ల పిల్ల కాదు అప్పుడు. ఇద్దరు బిడ్డల తల్లిని. ఎవరూ నన్ను కొట్టరు, ఉద్యోగం తీసెయ్యరు, బడి నుంచి పంపెయ్యరు. ఆమె ఒక్కతే ఉంది, నేను ఒక్కదాన్నే ఉన్నాను. నువ్వు కాదని నేను చెప్పలేదు ముత్తీ, ఆ మాట బయటపెట్టింది నేనే ముత్తీ అనడానికి ఒక ఊపిరి చాలు. ఎందుకు అనలేదు? ఆమె అన్నేళ్లుగా దాచుకున్న మంచి మాటను లాగేసుకోవడం ఎందుకని ఆగానా? అలా అనుకోవాలని ఉంది. కాదు. ఆమె నన్ను చూస్తున్న చూపు పోతుందని ఆగాను. మెట్ల మీద నాకు చోటిచ్చినప్పుడు కలిగిన తీపే అది. ఏమీ మారలేదు. లోపలి నుంచి ఎవరో పిలిస్తే ఆమె లేచి వెళ్లింది. మళ్లీ వస్తా, కూసో అంది. నేను కూర్చోలేదు. మరదలికి పండ్లు తేవాలన్న వంకతో బయటికి నడిచాను.

ఆ తర్వాత ఆ వైపు రోజులు మంచిగా లేవు. నక్సలైట్ల గొడవల్లో నలిగి ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయని, జనం ఎక్కడెక్కడికో చెదిరిపోయారని మా తమ్ముడు చెప్పేవాడు. తర్వాత వాడికీ బదిలీ అయింది. ముత్తి ఎక్కడుందో నాకు తెలియదు. గట్టిగా వెతికానా అంటే, వెతకలేదు. ప్రమీల టీచర్ సంగతీ అంతే. గోదావరి జిల్లాలో ఏదో కాన్వెంట్‌లో పనిచేస్తోందని ఒకప్పుడు ఎవరో అన్నారు. పాప ఆమె దగ్గరికి వచ్చిందో లేదో ఎవరూ చెప్పలేదు. ఆ పాపకు ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. తల్లి తనను దసరాకు రమ్మని పిలిచిందని, జగదల్‌పూర్ రథం చూపించాలనుకుందని ఆమెకు తెలుసా? ఒక మనిషి తన తల్లి గురించి తప్పు కథ వింటూ పెరిగి ఉంటే అందులో నా వాటా ఎంత? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాళ్లు ఎవరూ నా చుట్టూ లేరు.

మీరు నన్ను చిన్నపిల్లవి కదా అనవద్దు. ఆ మాట నేను చాలాసార్లు అనుకున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సినవాళ్లు మీరు కాదు. వాళ్లు ఎదురుపడితే ఈసారైనా నోరు తెరుస్తానని ప్రమాణం చేయలేను. నా నోటి సంగతి నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

టీచర్, ఆ మాట ముత్తి చెప్పలేదు. నేను చెప్పాను. వాగు గట్టు మీద మీరు అడిగినప్పుడు నాకు తెలుసు. ముత్తీ, నువ్వు కాదని నేను ఆమెకు చెప్పలేదు. ఒక్కసారి కూడా చెప్పలేదు.

రాసింది మళ్లీ ఒకసారి చదివాను. చెప్పాల్సిన మాట ఇంత చిన్నగా ఉంటుందనుకోలేదు. బయట తెల్లవారి పాలబ్బాయి సైకిలు బెల్లు వినిపిస్తోంది, కోడలు గిన్నె తీసుకుని మెట్లు దిగుతోంది. ఊపిరి చాలా ఏళ్ల తర్వాత లోపలి దాకా వెళ్లి వస్తోంది.